కేబుల్ ట్రేకి సపోర్టు ఎక్కడ పడాలి?

సంపాదకులకు,

అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో కరెంటు కేబుళ్లను మోసే లోహపు కేబుల్ ట్రేలు నడుం వంగి వేలాడుతున్నాయి. తప్పు చాలాచోట్ల ట్రేది కాదు, సపోర్టుల దూరానిది. మీటరుకు కేబుళ్లు 30 కిలోలు, ట్రే 5 కిలోలు అనుకుందాం. 1.5 మీటర్లకో సపోర్టు పెడితే ఒక్కోదానిపై 52.5 కిలోలు పడుతుంది. 3 మీటర్లకైతే 105. ట్రేని వేలాడదీసే రాడ్లు మిగిలాయని మురిసే కాంట్రాక్టరు ఈ లెక్క వేయడు. రేపు లాగబోయే కేబుళ్ల బరువూ ఇందులో కలపాలి.

ట్రే జాయింటు సపోర్టు మీదా, రెండు సపోర్టుల నడిమధ్యా రాకూడదు. సపోర్టు నుంచి, రెండు సపోర్టుల మధ్య దూరంలో నాలుగోవంతు దగ్గర పడితే మేలు. వంపులకు ఇరువైపులా 600 మిల్లీమీటర్లలోపు సపోర్టు ఉండాలి. స్లాబు రంధ్రంలో దుమ్ము ఊదకుండా బిగించిన యాంకరు (రాడ్డును స్లాబుకు పట్టించే బోల్టు) పట్టు తప్పుతుంది. మంటలార్పే నీటి స్ప్రింక్లర్ పైపుకు ట్రేని వేలాడదీయడం మరీ దారుణం. విశాఖలాంటి తీరంలో హాట్ డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింక్‌లో ముంచి పూత వేసిన) సామానే వాడి, కోసిన చివరలకు జింక్ పెయింటు పూయాలి.

– ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్లు, విశాఖపట్నం