మార్చి వార్తాలేఖ: నల్లబడిన సీసాల సంగతి

తల్లిదండ్రులకు నమస్కారం.

సైన్స్ డే నాడు మన ఎనిమిదో తరగతి పిల్లలు పెట్టిన స్టాల్ ఫోటో ఒకటి కొన్ని రోజులుగా చిత్తూరు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. వరసగా చిన్న సీసాలు, వాటిలో నల్లటి నీళ్లు. కింద ఎవరో "బళ్లో మన పిల్లలు తాగేవి ఇవే" అని రాశారు. అప్పటి నుంచి ఆఫీసు ఫోను ఆగడం లేదు. ఒకాయన గేటు దగ్గరే వాచ్‌మన్‌ను నిలదీశారట. అడగడం మీ హక్కు, కాదనను. కాకపోతే ప్రతి సీసా కింద పిల్లలు ఒక కాగితం అంటించారు. ఫోటోను కాస్త పెద్దది చేసి చూస్తే "ఇల్లు" అనో "బడి" అనో చదవొచ్చు. గ్రూపులో పెట్టేముందు ఆ పని ఎవరూ చేసినట్టు లేదు.

జరిగింది చెబుతాను. తాగే నీళ్లు శుభ్రంగా ఉన్నాయో లేదో చూడాలని పిల్లలు మొత్తం 30 నమూనాలు తీసుకుని, నీళ్లు కలుషితమైతే నల్లబడే పరీక్ష సీసాల్లో పోశారు. అందులో 26 తోటి పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకున్న వాటర్ బాటిళ్లలోవి, నాలుగు బడి కుళాయిలవి. నల్లబడినవి 11. వాటిలో పది ఇంటి బాటిళ్లవి, ఒకటి మైదానం పక్క కుళాయిది. ఆ కుళాయిని అదే రోజు మూయించి, ట్యాంకు కడిగించాం. మళ్లీ పరీక్షించాకే తెరుస్తాం. నల్లబడకుండా ఉండిపోయిన 19 సీసాల ఫోటో మాత్రం ఏ గ్రూపులోనూ కనబడలేదు.

ఈ పరీక్ష పిల్లల ఆట కాదు. 1982లో మన దేశపు శాస్త్రవేత్తలే రూపొందించినది. మలంతో కలుషితమైన నీటిలో ఉండే బాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును విడుదల చేస్తాయి. అది సీసాలోని ఇనుముతో కలిసి నల్లబడుతుంది. ఒకటి రెండు రోజుల్లో ఫలితం తెలుస్తుంది. నీళ్లలో ఏ క్రిమి ఎంత ఉందో ఇది చెప్పదు. అనుమానించాలా వద్దా అన్నది చెబుతుంది.

వీళ్లకు ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో కూడా కొందరు కోపంగానే అడిగారు. మనకు గంట దూరంలో ఉన్న వెల్లూరులో జరిగిన పరిశోధన నుంచి వచ్చింది. మీలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు ఇంట్లోవాళ్లను తీసుకుని అక్కడి సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రికి వెళ్లే ఉంటారు. గగన్‌దీప్ కాంగ్ అనే శాస్త్రవేత్త చదివిందీ, దశాబ్దాల పాటు పనిచేసిందీ అక్కడే. 1962లో సిమ్లాలో పుట్టారు. తండ్రి రైల్వేలో ఇంజినీరు కావడంతో బదిలీల వల్ల పది బడులు మారారు (టీసీ కోసం వచ్చేవారు దీన్ని ఉదాహరణగా చెప్పవద్దని మనవి). 1987లో వెల్లూరులో ఎంబీబీఎస్ ముగించి, అక్కడే మైక్రోబయాలజీలో ఎండీ, ఆపైన పీహెచ్‌డీ చేశారు. చంటిపిల్లల విరేచనాలను తన రంగంగా ఎంచుకున్నారు. డాక్టరైన పిల్ల ఇలాంటి పని మీద కూర్చుంటానంటే మనలో ఎంతమంది ఒప్పుకుంటాం?

టీకా రాకముందు, రోటావైరస్ అనే క్రిమి తెచ్చే విరేచనాలతో మన దేశంలో ఏటా సుమారు 78 వేల మంది చిన్నపిల్లలు చనిపోయేవారని అంచనా. కాంగ్ బృందం వెల్లూరు మురికివాడల్లో 373 మంది పిల్లలను పుట్టినప్పటి నుంచి మూడేళ్ల వయసు దాకా గమనించింది. ఫీల్డ్ వర్కర్లు వారానికి రెండుసార్లు ఇంటింటికీ వెళ్లేవారు. తేలిన సంగతి వింతగా ఉంది. మెక్సికోలో చేసిన ఇలాంటి అధ్యయనంలో, వైరస్ రెండుసార్లు సోకిన పిల్లలకు మళ్లీ తీవ్రమైన జబ్బు రాలేదు. వెల్లూరులో మూడుసార్లు సోకాక కూడా రక్షణ 79 శాతమే. టీకా సంగతీ అంతే. ధనిక దేశాల్లో రోటావైరస్ టీకాలు తీవ్రమైన జబ్బును 85 శాతానికి పైగా ఆపుతుంటే, మన దేశంలో తయారైన రోటావాక్ ఢిల్లీ, పుణె, వెల్లూరులలో జరిగిన ట్రయల్‌లో మొదటి ఏడాది ఆపింది 56 శాతం. అయినా జబ్బు ఇంత ఎక్కువగా ఉన్న దేశంలో ఆ 56 శాతం అంటే ఎన్నో ప్రాణాలు. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసిన ఈ చుక్కల టీకాను 2016లో ప్రభుత్వం ముందుగా ఇచ్చిన నాలుగు రాష్ట్రాల్లో మనదీ ఒకటి. మన ప్రైమరీ పిల్లల్లో చాలామంది ఆ చుక్కలు వేసుకున్నవారే.

మరి తేడా ఎందుకు? కాంగ్ పరిశోధనలో ఎక్కువ భాగం ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. పుట్టినప్పటి నుంచి నీళ్లు, నేల, చేతుల ద్వారా సూక్ష్మజీవులు ఆగకుండా లోపలికి పోతుంటే పేగు గోడ ఎప్పుడూ వాపుతోనే ఉంటుంది. ఆహారాన్ని పీల్చుకునే సన్నటి మొలకలు పొట్టివవుతాయి. పైకి జబ్బేమీ కనిపించదు, విరేచనాలూ ఉండకపోవచ్చు, తిన్నది మాత్రం ఒంటికి పట్టదు. మన రోగనిరోధక కణాల్లో పెద్ద భాగం పేగులోనే ఉంటుంది కాబట్టి, అక్కడ ఎప్పుడూ గొడవ జరుగుతుంటే నోట్లో వేసిన టీకా మాట వినిపించుకునే తీరిక దానికి ఉండదు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు, పోషణ, పేగులోని మిగతా సూక్ష్మజీవులు కూడా కారణాలేనంటారు. పోనీ మాత్రతో సరిచేద్దామా అంటే, వెల్లూరు బృందం అదీ చూసింది. శిశువులకు అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు. పేగులో చెడ్డ బాక్టీరియా తగ్గింది. ఆ తర్వాత నోట్లో వేసిన పోలియో చుక్కల పనితనం మాత్రం పెరగలేదు.

2019లో కాంగ్ బ్రిటన్‌లోని పేరున్న శాస్త్రవేత్తల సంస్థ రాయల్ సొసైటీకి ఎన్నికయ్యారు. భారతదేశంలో పనిచేస్తూ ఆ గౌరవం అందుకున్న తొలి మహిళ ఆమె.

ఇక మన పిల్లల గురించి. పది ఇంటి బాటిళ్లు నల్లబడగానే వాళ్లు చార్టు రాసేసి చేతులు దులుపుకోవచ్చు. ఒకమ్మాయి ఊరుకోలేదు. "తప్పు నీళ్లదా, బాటిల్‌దా?" అంది. టీచరు కాదు, ఆ అమ్మాయే. మర్నాడు ఆ పది ఇళ్ల నుంచీ అవే నీళ్లను, మరుగునీళ్లతో కడిగిన స్టీలు గ్లాసుల్లో తెప్పించారు. ఏడు నల్లబడలేదు. అంటే ఆ ఏడు ఇళ్లలో నీళ్లు బాగానే ఉన్నాయి, తాగే బాటిలే బాగాలేదు. క్లాసులో నోరు విప్పని ఒక అబ్బాయి ప్రతి సీసా పెట్టిన టైము, చూసిన టైము, గది ఉష్ణోగ్రత నోట్‌బుక్‌లో రాశాడు. పోల్చి చూడటానికి కాచి చల్లార్చిన నీళ్లతో ఒక సీసా విడిగా పెట్టాలన్నదీ అతనే. ముప్పై ఏళ్ల సర్వీసులో ఇంత చక్కని రికార్డు చూడలేదంటే అతిశయోక్తి అనుకోకండి, వచ్చి చూడండి.

ఆ చార్టు తీసేయమని ముగ్గురు పేరెంట్స్ అడిగారు. తీయను.

ఎందుకంటే ఈ బడికి వచ్చినప్పటి నుంచి నేను పోరాడుతున్నది ఇందుకే. మన బళ్లలో ల్యాబ్ అంటే ఇన్‌స్పెక్షన్ రోజు తెరిచే గది. బీరువాకు తాళం, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు, పరీక్షనాళికలకు దుమ్ము. పిల్లలు చేయని ప్రయోగానికి నాలుగు రంగుల బొమ్మ గీసి, రాని ఫలితం రాసి, పదికి పది తెచ్చుకుంటారు. అబద్ధం రాయడం మనమే నేర్పుతున్నాం! కాంగ్‌కు పన్నెండేళ్లప్పుడు తండ్రితో కలిసి ఇంట్లోనే ల్యాబ్ ఏర్పాటు చేసుకునే అవకాశం దొరికింది. అందరి ఇళ్లలో అది కుదరదు, బడిలో కుదరాలి. సీసాలు పగలనివ్వండి, కొందాం. ఫలితం మనకు నచ్చనిది రానివ్వండి. ఆ ల్యాబ్ పీరియడ్‌ను ఐఐటీ ఫౌండేషన్ క్లాసుగా మార్చమని మళ్లీ ఎవరూ అర్జీ పెట్టవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

ఇంటి విషయాల్లో నేను తలదూర్చకూడదు. అయినా మీరంతా పిల్లల మీద ప్రేమ ఉన్నవారు గనుక చెబుతున్నాను. స్ట్రా ఉన్న బొమ్మల బాటిల్ చూడ్డానికి బాగుంటుంది. ఆ స్ట్రా లోపలికి, మూత రబ్బరు కిందకు బ్రష్ వెళ్లదు. రోజూ నీళ్లు మార్చడం బాటిల్ కడగడం కాదు. వెడల్పు మూతి స్టీలు బాటిల్ అయితే చేయి పెట్టి సబ్బుతో తోమవచ్చు. విరేచనాలు అవుతున్న పిల్లలను యూనిట్ టెస్ట్ పోతుందని మెడికల్ షాపు మాత్రతో బడికి పంపకండి. టెస్ట్ మళ్లీ పెడతాం, టెన్షన్ వద్దు. ఆ రోజుకు ఓఆర్ఎస్ ఇచ్చి, డాక్టరుకు చూపించి, ఇంట్లోనే ఉంచండి. లంచ్ బాక్సులో స్పూను ఉంది కదా అని చేతులు కడగనక్కరలేదని ఒక పిల్లవాడు నాతో వాదించాడు. ఈ వాదన ఎక్కడ నేర్చుకున్నాడో నేను అడగలేదు.

మిగతావి క్లుప్తంగా: ఒంటిపూట బడుల టైమింగ్స్, సమ్మేటివ్ పరీక్షల టైంటేబుల్ డైరీలో అంటించాం, చివరి టర్మ్ ఫీజు నెలాఖరులోగా కట్టండి, బస్సు రూటు మారలేదు.

వచ్చే శనివారం ఉదయం తొమ్మిది నుంచి పదకొండు దాకా ల్యాబ్ తెరిచి ఉంటుంది. మీ ఇంటి నీళ్లు, మీ పిల్లల బాటిల్ రెండూ తీసుకురండి. పరీక్ష చేసేది ఎనిమిదో తరగతి వాళ్లే. సీసా మీద నంబరు ఉంటుంది, పేరు ఉండదు. ఫలితం సోమవారం మీకు మాత్రమే చెబుతారు. ఫోటోలు తీసుకోవచ్చు, కాగితాలు కనబడేలా తీయండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు