ఫ్లెక్సీ వెనక బొమ్మలు

సంపాదకునికి,

గత వారం మా పట్టణంలో బడిపిల్లల చిత్రలేఖన పోటీ చూడటానికి వెళ్లాను. అంశం నీరు. చెట్లు, చేపలు, నవ్వే భూగోళం... ఎప్పటి బొమ్మలే. ఒక్క బొమ్మ దగ్గర కాళ్లు ఆగిపోయాయి. నడుము వంగిన నాయనమ్మ చేతిపంపు పట్టుకుని నిలబడింది. కారే నీటికి ఆ పిల్ల బూడిద రంగు వేసింది. పక్కనే నల్లా కింద గ్లాసు పట్టిన పసివాడు, పళ్లన్నీ తెల్లగా. భూగర్భ నీటిలోని ఫ్లోరైడ్‌తో పళ్లు గారపట్టడం చూసిన నల్గొండ జిల్లావాళ్లకు ఆ తెల్లటి పళ్ల సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు; దాటితే ఏమవుతుందో మర్రిగూడ వైపు వంగిన నడుములే చెబుతాయి. నల్లాలో వచ్చే కృష్ణా నీటిని మాత్రం ఆ పిల్ల కాగితం అంచు దాటేలా నీలంగా దిద్దింది.

బహుమతి నవ్వే భూగోళానికే వచ్చింది! సాయంత్రానికి బొమ్మలన్నిటినీ కట్టగట్టి, ‘పర్యావరణాన్ని కాపాడుదాం’ అని రాసిన ప్లాస్టిక్ ఫ్లెక్సీ వెనక పడేశారు. వాటిని బస్టాండు గోడకో, మండల కార్యాలయంలోనో ఒక నెల తగిలించలేరా? మేకులూ సుత్తీ నేనే తెచ్చుకుంటాను.

– ఒక విశ్రాంత డ్రాయింగ్ మాస్టారు, నల్గొండ జిల్లా