కదలని స్టేషనరీ, కాగితాల స్టేషనరీ

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? నీ ఉత్తరం చదివి ఒకటే నవ్వు. కబుర్లన్నీ పక్కన పెట్టేసి, నోటీసులో ‘స్టేషనరీ’ అన్న మాటకి ‘ఏ’ రాయాలా ‘ఈ’ రాయాలా అని ఒక్క ఇంగ్లీషు అక్షరం మీద అంత తగువు పెట్టుకోవడం నీకే చెల్లింది. సరే, మొదలెట్టింది నువ్వు. ఇప్పుడు నేను ఆపమన్నా ఆపను, చదివి చావు.

మన లిపిలో రాస్తే అసలు ఈ తకరారే లేదు చూశావా? రెండూ ‘స్టేషనరీ’యే. పలకడంలోనూ తేడా పట్టుకోలేం. ఇంగ్లీషులో రాయబోతేనే తంటా. చివర్నుంచి మూడో అక్షరం ‘ఏ’ అయితే కదలకుండా ఉన్నదని అర్థం. ‘ఈ’ అయితే కాగితాలు, కవర్లు, పెన్నులు, జిగురు సీసా వగైరా.

ఎన్వలప్ ‘ఈ’తో మొదలవుతుంది కాబట్టి కాగితాల స్టేషనరీకి ‘ఈ’ అని గుర్తుపెట్టుకోమంటారు. పనికొస్తుంది, కాదనను. కానీ చిట్కాలంటే నాకు పడదు. అసలు మాట గుర్తుంటుంది గానీ చిట్కానే మర్చిపోతాం. దానికన్నా ఆ ‘ఈ’ ఎక్కణ్ణుంచి ఊడిపడిందో తెలుసుకో. గ్రోసర్ అమ్మేది గ్రోసరీ, స్టేషనర్ అమ్మేది స్టేషనరీ. అమ్మేవాడి పేరులో ఉన్న ‘ఈ’ సరుకులోకీ వచ్చింది, అంతే. ‘ఏ’ ఉన్నదేమో టెంపరరీ, ప్రైమరీల బాపతు విశేషణం.

మరి కాగితాలమ్మేవాణ్ణి స్టేషనర్ అనడమేమిటి? మజా అంతా ఇక్కడే ఉందిరా. మధ్యయుగాల యూరప్‌లో చాలామంది వర్తకులు సరుకు మోసుకుంటూ ఊరూరా తిరిగేవాళ్ళు. పుస్తకాలవాడు అలా కాదు, ఒకచోట కొట్టు పెట్టుకుని కూర్చునేవాడు. అందుకని లాటిన్‌లో అతను ‘స్టేషనారియస్’, అంటే నిలకడగా ఒక చోట ఉండేవాడు. 13వ శతాబ్దంలో బొలోన్యా, పారిస్ విశ్వవిద్యాలయాల దగ్గర ఈ స్టేషనర్లు పుస్తకాన్ని విడి విడి భాగాలుగా చేసి అద్దెకిచ్చేవాళ్ళు. విద్యార్థి ఒక భాగం తీసుకెళ్ళి, నకలు రాసుకుని, తిరిగిచ్చి, తర్వాతి భాగం పట్టుకెళ్ళేవాడు. అచ్చుయంత్రం రాకముందు మరి అదేగా దారి! లండన్‌లో 1403లోనే వీళ్ళకో సంఘం ఏర్పడింది, 1557లో దానికి రాజశాసనం కూడా దక్కింది. పోను పోను స్టేషనర్ అన్న పేరు రాతసామాను అమ్మేవాడికే మిగిలిపోయింది.

అంటే నువ్వు తెగ తిట్టుకుంటున్న ఆ రెండు మాటలూ ఒక కడుపున పుట్టినవే! నిలబడడం అనే అర్థమున్న లాటిన్ ధాతువు వాటి మూలం. మన స్థానం, స్థితి, స్థిరం ఉన్నాయే, వాటి మూలమైన సంస్కృత ‘స్థా’ ధాతువు దానికి దాయాది. కాబట్టి ‘ఏ’ ఉన్న స్టేషనరీని ‘స్థిరం’ అనుకుంటే నీకు సగం పని అయిపోయినట్టే.

అన్నట్టు, ఆ ‘ఏ’ గల స్టేషనరీకి కూడా నిలకడ తక్కువే. జియోస్టేషనరీ ఉపగ్రహం సంగతే చూడు. భూమధ్యరేఖకు పైన, దాదాపు 35,786 కిలోమీటర్ల ఎత్తులో, సెకనుకి సుమారు 3 కిలోమీటర్ల వేగంతో పరుగు తీస్తూ ఉంటుంది. భూమి తిరిగినంతసేపట్లోనే అదీ ఒక చుట్టు చుట్టొస్తుంది కాబట్టి కింద ఉన్న మన కంటికి కదలనట్టే. 1964లో ఎగిరిన సిన్‌కామ్ 3 ఆ కోవలో మొదటిది. జిమ్‌లో స్టేషనరీ సైకిలు అయితే ఎంత తొక్కినా ఉన్నచోటే ఉంటుంది, పేరు నిలబెట్టుకుంది పాపం.

ఇక నీ అసలు బాధ, కంప్యూటర్ తప్పు చూపించలేదేమని కదా? స్పెల్ చెకర్‌కి రెండూ నిఘంటువులో ఉన్న మాటలే, ఎర్ర గీత ఎందుకు పెడుతుంది? నువ్వే చూసుకోవాలి. ‘ఆఫీసు స్టేషనరీ ఖర్చులు’ అన్నచోట ‘ఈ’, ‘ఆగి ఉన్న వాహనం’ అన్నచోట ‘ఏ’. నువ్వు పంపిన నోటీసులో సరిగ్గా తిరగేసి ఉన్నాయి, అతికించకముందే దిద్దించు. స్టేషనరీస్ అని బహువచనం కూడా తగిలించారెవరో, ఆ చివరి ‘ఎస్’ కూడా పీకించెయ్.

‘ప్రిన్సిపల్’ అన్న మాటకీ ఇలాగే రెండు స్పెల్లింగుల గోల ఉంది, అది తర్వాతి ఉత్తరంలో. ఈలోగా కొంచెం ఇంటి కబుర్లు కూడా రాయరా బాబూ.

నీ
మూర్తి