షాక్ గ్రిడ్ ధర ఎందుకు పెరుగుతోందంటే

విజయనగరంలోని మా వర్క్‌షాపు నుంచి ఫార్మకాలజీ, జువాలజీ ల్యాబులకు పరికరాలు తీసుకుంటున్న సార్లకి, మేడమ్‌లకి నమస్కారం. ఎలుకల నేర్పుని, జ్ఞాపకాన్ని పరీక్షించే పోల్ క్లైంబింగ్, పాసివ్ అవాయిడెన్స్ బాక్సుల అడుగున కరెంటు షాక్ ఇచ్చే కడ్డీల వరుసే షాక్ గ్రిడ్. ఆ బాక్సుల ధర ఇకపై దాదాపు మూడో వంతు పెరుగుతుంది. మామూలు ట్రాన్స్‌ఫార్మర్‌తో తక్కువ ధరకి ఇచ్చే మోడల్ పూర్తిగా ఆపేస్తున్నాం. 'బడ్జెట్ తక్కువ, అదే ఇవ్వండి' అని కొందరు అడుగుతున్నారు. మీ ఇబ్బంది తెలుసు. అయినా ఇవ్వం.

ఆ మోడల్లో వోల్టేజీ మాత్రమే స్థిరంగా ఉంటుంది. ఎలుక పాదాలు తడిసి ఉంటే కరెంటు ఎక్కువ వెళ్తుంది, పొడిగా ఉంటే తగ్గుతుంది. పైగా కడ్డీలను ఒకటి విడిచి ఒకటి రెండు తీగలకే కలిపితే, ఒకే తీగకి కలిసిన రెండు కడ్డీల మీద నిలబడిన ఎలుకకి షాకే తగలదు. అది తెలివైన జంతువు, ఆ చోటు త్వరగానే కనిపెడుతుంది. మేమిప్పుడు ఇచ్చే యూనిట్ మిల్లీ ఆంపియర్లలో మీరు పెట్టిన కరెంటునే నిలబెడుతుంది. అందులోని స్క్రాంబ్లర్ కడ్డీల మధ్య పోలారిటీని (ప్లస్, మైనస్‌లను) వేగంగా మారుస్తూ ఉంటుంది కాబట్టి తప్పించుకునే జత ఉండదు.

ఇంత పట్టుదల ఎందుకంటే, పోల్ క్లైంబింగ్‌లో ముందు బజర్, తర్వాత షాక్. నేర్చుకున్న ఎలుక బజర్ వినగానే కర్ర ఎక్కుతుంది. మానసిక వ్యాధులకి వాడే క్లోర్‌ప్రోమజైన్ ఇస్తే బజర్‌ని పట్టించుకోదు, షాక్ తగిలితే మాత్రం ఎక్కుతుంది. ఆ తేడా కోసమే ఈ పరీక్ష. షాకే ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ తగిలితే, ఎలుక ఎక్కకపోవడం మందు వల్లో కరెంటు వల్లో ఎవరు చెప్పగలరు? పాసివ్ అవాయిడెన్స్‌లో ఇంకా కష్టం. సాధారణంగా చీకటి గదిలో ఒక్కసారే షాక్ ఇచ్చి, మర్నాడు ఎలుక వెలుతురు గదిలో ఎన్ని సెకన్లు ఆగిందో చూస్తారు. ఆ ఒక్కటీ తేడా వస్తే ఆ ఎలుక పడ్డ బాధంతా వృథా. ఇది నేను ఒప్పుకోలేను.

కొత్త యూనిట్ కొన్నా గ్రిడ్ కడగడం మానొద్దు. కడ్డీల మధ్య మూత్రం నిలిస్తే కరెంటు అటే పోతుంది, మీటరు సరిగ్గానే చూపిస్తుంది, ఎలుకకి మాత్రం తక్కువ తగులుతుంది. అక్రిలిక్ గోడల్ని ఘాటు స్పిరిట్‌తో తుడవకండి, సన్నని పగుళ్లు వస్తాయి. సబ్బు నీళ్లు, తర్వాత మంచినీళ్లు, ఆపై పొడి గుడ్డ చాలు.

మందు ఇచ్చిన చోటుని ఎలుక ఇష్టపడుతుందేమో చూసే కండిషన్డ్ ప్లేస్ ప్రిఫరెన్స్ బాక్సు ధర మారడం లేదు. ఒక గదిలో మందు, ఇంకో గదిలో సెలైన్ అలవాటు చేసి, చివర్లో మందు ఇవ్వకుండా ఎలుక ఎటు వెళ్తుందో చూసేది కదా. ఎలుకలకి సహజంగానే చీకటి ఇష్టం. బాక్సుని కిటికీ పక్కన పెడితే ఎండ పడే గది ముందే ఓడిపోతుంది. బిగించడానికి వచ్చినప్పుడు మా కుర్రాడు 'టేబుల్ జరపండి' అంటే దయచేసి జరపండి.

బీఫార్మసీ వరకే ఉన్న కాలేజీలు ఇవేవీ కొనక్కర్లేదు. మీ సిలబస్‌లో జంతు ప్రయోగాలను సాఫ్ట్‌వేర్, వీడియోలతోనే చూపించమన్నారు. ఎంఫార్మసీ, పీహెచ్‌డీ పనులకి మాత్రం షాక్ యూనిట్ ఆర్డరుతో పాటు మీ ఇన్‌స్టిట్యూషనల్ యానిమల్ ఎథిక్స్ కమిటీ అనుమతి కాపీ పంపాలి. అది లేకుండా ప్రయోగం చేయకూడదని జంతు ప్రయోగాల మీద ఉన్న 1998 ప్రభుత్వ నిబంధనలే చెబుతున్నాయి. కాపీ చేతికొచ్చాకే పని మొదలుపెడతాం.

డెలివరీ కూడా కాస్త ఆలస్యమవుతుంది. ప్రతి యూనిట్‌నీ వేర్వేరు రెసిస్టెన్సుల మీద పరీక్షించి, ఆ రీడింగుల కాగితం బాక్సుతోనే ఇస్తున్నాం. శ్రీకాకుళం వైపు ఆర్డర్లు ఇప్పటిలాగే మేమే తెచ్చి బిగిస్తాం.

పాత ట్రాన్స్‌ఫార్మర్ మోడల్ ఉన్నవాళ్లు బాక్సంతా మార్చక్కర్లేదు. గ్రిడ్, కంట్రోల్ పెట్టె పంపితే చాలు, విడిభాగాల ఖర్చు మాత్రమే తీసుకుని కొత్త సర్క్యూట్ వేసి ఇస్తాం. ప్రయోగం మధ్యలో ఉంటే ఆ బ్యాచ్ పూర్తయ్యాకే పంపండి, సగం ఎలుకలకి పాతది, సగానికి కొత్తది వాడొద్దు.