చిన్నీకి, ఇథియోపియాలోని బాహిర్ దార్ నుంచి

చిన్నీ,

మొన్న ఫోన్లో "ఈ ఏడాదైనా వచ్చేస్తావా అమ్మా?" అని అడిగావు. లైన్ బాగాలేదని పెట్టేశాను. లైన్ బాగానే ఉందమ్మా. నాకే మాట రాలేదు.

ఇథియోపియాలో తొమ్మిదో తరగతి నుంచి చదువంతా ఇంగ్లీషులోనే. ఈ ప్రాంతంలో అప్పటిదాకా అమ్హారిక్ భాషలో చదివిన పిల్లలకి ఒక్కసారిగా ఫిజిక్స్, హిస్టరీ అన్నీ మారిపోతాయి. నేను ఇంగ్లీషు చెప్పే ఈ యూనివర్సిటీకి వచ్చాక కూడా నోరు విప్పాలంటే టెన్షన్. మొదటి ఏడాదంతా తప్పుల కింద ఎర్ర గీతలు గీయడమే నా పని అనుకున్నాను. "ఐ టు మార్కెట్ గో" అని ఎందుకు రాస్తున్నారో ఆలోచించలేదు. వాళ్ల లిపి నేర్చుకోవడం మొదలుపెట్టాక తెలిసింది, మన గుణింతంలాగే ఒక్కో అక్షరానికి ఏడేసి రూపాలు, మనలాగే క్రియ వాక్యం చివర. బోర్డు మీద వాళ్ల వాక్యం, దాని కింద మన తెలుగు వాక్యం రాసి మాటలు కలిపి చూపించాను. వరస ఒకటే! క్లాసంతా ఒకటే సందడి. ఎప్పుడూ పెదవి విప్పని వెనక బెంచీ అమ్మాయి కూడా లేచి, తెలుగులో తన పేరు రాయమంది.

ఈ జూన్ పరీక్షలో ఆ అమ్మాయి పేపరు చివర ఒక వాక్యం ఉంది: "టీచర్, గాడ్ గివ్ యూ ఫర్ మీ." ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, "అర్థం లేదు" అని రాసి ఇచ్చేశాను. స్టాఫ్ రూములో మాటల మధ్య ఆ సంగతి చెబితే, ఇక్కడి లెక్చరర్ ఒకాయన నా వైపే చూస్తూ ఉండిపోయాడు. "ఎగ్జేర్ యిస్తిలిఞ్" అంటారట వీళ్లు. నేను తీర్చుకోలేనిది నా బదులు దేవుడే నీకు ఇవ్వాలి అని. కృతజ్ఞత చెప్పే మాట. అమ్మమ్మ "నీ కడుపు చల్లగుండా" అంటుందే, అలాంటిది. దానికి నేను సున్నా చుట్టాను.

రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు పేపరు తెమ్మన్నాను. మార్కులు పోయాయేమోనని చేతులు వణుకుతూ ఇచ్చింది. నా రాతను కొట్టేసి, పక్కన వాళ్ల అక్షరాల్లోనే "అమెసెగ్నాల్లెహు" అని రాశాను. థాంక్స్ అని. అక్షరాలు వంకరగా వచ్చాయి. ఏడ్చేసిందమ్మా. నేనూ ఏడ్చాను.

ఆదివారం వాళ్లింటికి పిలిచింది. నేల మీద పచ్చగడ్డి పరిచి, వాళ్లమ్మ మా ముందే కాఫీ గింజలు వేయించి, దంచి, కాచింది. మూడు విడతలు తాగాలి, మూడోదాని పేరు బరక, అంటే దీవెన. అది తాగకుండా లేవకూడదట. ఆవిడకి ఇంగ్లీషు రాదు. నీ ఫోటో చూపించాను. చాలాసేపు చూసింది. కూతురితో ఏదో అడిగించింది: "ఈ బిడ్డను ఎవరి దగ్గర వదిలి మా బిడ్డకు చదువు చెబుతున్నారు?"

చెప్పాను. ఆవిడ లోపలికి వెళ్లి నెతెల తెచ్చింది. తెల్లటి నేత నూలు, పలచగా, ఆకుపచ్చ అంచుతో ఉండే పైట లాంటిది. నాక్కాదు, నీకు.

చిన్నీ, ఇంకో ఏడాదికి సంతకం పెట్టేశాను. నిన్ను అడక్కుండా పెట్టడం తప్పే. కోపం వస్తే ఫోన్లో నన్ను తిట్టు, ఈసారి పెట్టేయను.

నెతెలను ఆగస్టులో గుంటూరు వస్తున్న సార్ చేత పంపుతున్నాను. అంచు రంగు దిగుతుందేమో, మొదటిసారి విడిగా ఉతుకు.

అమ్మ