ప్యాచ్ వెళ్ళింది, ఆ పెద్దాయనకు వెయ్యి దండాలు

లినక్స్ కెర్నల్‌లోని మా డ్రైవర్‌కి రాసిన ఎమ్‌మ్యాప్ (డివైస్ మెమరీని యూజర్ ప్రోగ్రాంకి అందించే కోడ్) ప్యాచ్‌లు, అంటే సవరణలు, రెండూ ఇవాళ మెయింటైనర్ ట్రీలోకి, అంటే ఆ కోడ్ చూసుకునే బాధ్యుడి కాపీలోకి, వెళ్ళాయి. కళ్ళు మండిపోతున్నాయి, కానీ ఇది రాయకుండా పడుకోబుద్ధి కావడం లేదు.

నా ప్యాచ్‌ని రివ్యూ చేసిన పెద్దాయన యూరప్‌లో ఎక్కడో ఉంటారు. ముఖం చూడలేదు, గొంతు వినలేదు. ప్యాచ్ పంపి వారాలైనా ఉలుకూ పలుకూ లేదు, మళ్ళీ పంపినా అంతే. ఇక వదిలేద్దాం అనుకుంటుండగా ఆయన మెయిల్ వచ్చింది. మొదటి వాక్యమే క్షమాపణ, ఇన్నాళ్ళూ ఎవరూ చూడనందుకు. ఆ కోడ్‌కి ఆయన మెయింటైనర్ కూడా కాదండీ! ఆఫీసు క్యాంటీన్‌లో దోసె ముందు పెట్టుకుని ఏడ్చేశాను.

నేను పంపింది చిన్న సవరణ. యూజర్ అడిగిన సైజూ ఆఫ్‌సెట్టూ కలిపితే డివైస్ మెమరీ దాటుతోందేమో, రీమ్యాప్ పీఎఫ్‌ఎన్ రేంజ్ (ఆ మెమరీని ప్రోగ్రాంకి మ్యాప్ చేసే ఫంక్షన్) పిలిచే ముందు చూసే చెక్. అది బాగుందన్నారు. ఆయన కన్ను మాత్రం దాని కిందున్న పాత లైను మీద పడింది. స్టేటస్ పేజీని చదవడానికే ఇవ్వాలి కాబట్టి, వీఎం రైట్ ఫ్లాగ్ (రాసే హక్కు అడిగారనే గుర్తు) కనిపిస్తే ఎర్రర్ ఇచ్చి పంపేస్తుంది ఆ లైను. చూడ్డానికి భద్రమే. వీఎం మేరైట్‌ని (రాసే హక్కు తర్వాతైనా తీసుకోవచ్చనే ఫ్లాగ్) మాత్రం తీసెయ్యలేదు. డివైస్‌ని రీడ్-రైట్‌గా తెరిచి, చదవడానికే షేర్డ్‌గా మ్యాప్ చేసుకుని, తర్వాత ఎమ్‌ప్రొటెక్ట్ (మ్యాపింగ్ హక్కులు మార్చే కాల్) పిలిస్తే రాసే హక్కు వచ్చేస్తుంది. అప్పుడు డ్రైవర్‌ని అడిగే నాథుడే ఉండడు.

ఆయన దగ్గర మా బోర్డు లేదు. అందుకని ఒక ఉత్తుత్తి డివైస్ రాసుకుని, అందులో ఈ తప్పు జరిగేలా చేసి, టెస్ట్ ప్రోగ్రాం కూడా జతచేసి పంపారు. కెర్నల్ 6.3 వెర్షన్ నుంచి ఈ ఫ్లాగుల్ని నేరుగా మారిస్తే కంపైల్ కాదు, వీఎం ఫ్లాగ్స్ క్లియర్ అనే ఫంక్షన్ వాడమని చెప్పి, దీన్ని వేరే ప్యాచ్‌గా పెట్టమన్నారు. ఇదంతా జీతం కోసం కాదు, పేరు కోసం అంతకన్నా కాదు. కమిట్ కింద రివ్యూడ్-బై అని ఆయన పేరుతో ఒక్క లైను, అంతే.

ఇక్కడే నా కడుపుమంట. మా అప్రైజల్ ఫారంలో ఎన్ని ప్యాచ్‌లు మెర్జ్ అయ్యాయో రాయడానికి గడి ఉంది, ఎన్ని రివ్యూ చేశామో రాయడానికి లేదు. మరి పక్కవాడి కోడ్ ఎవడు చదువుతాడు? డర్టీ కౌ అనే లినక్స్ కెర్నల్ భద్రతా లోపం గుర్తుందా? అదీ చదవడానికే ఇచ్చిన మ్యాపింగ్‌లో రాసెయ్యగలిగే లోపమే. 2005లో లినక్స్ సృష్టికర్త లైనస్ స్వయంగా సరిచేయబోతే, ఎస్390 (ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్) మీద ఇబ్బందులొచ్చి ఆ మార్పు వెనక్కి తీశారు. చివరికి 2016 అక్టోబరులో సరైంది. వచ్చే అప్రైజల్‌లో ఆ రివ్యూల గడి నేనే గీసుకుంటా, మేనేజర్‌గారు ఏమనుకున్నా సరే.

మా ఆవిడకీ, అమ్మకీ, పిల్లాణ్ణి చూసుకున్న బావగారికీ థాంక్స్. వాళ్ళకి వేరే చెప్పాలా.

అయ్యో, మర్చిపోయా! 32-బిట్ ఆర్మ్ ప్రాసెసర్లకి బిల్డ్ పగిలిందని పట్టిచ్చిన టెస్ట్ రోబోకి (మనిషి కాదు, అయినా సరే), గిట్ సెండ్-ఈమెయిల్ (ప్యాచ్‌లు మెయిల్‌లో పంపే టూల్) సెట్ చేసిపెట్టిన శీనుగాడికి, అర్ధరాత్రి ల్యాబ్ తాళాలు తీసిన సెక్యూరిటీ అన్నకి కూడా. పక్క టీం బోర్డు అరువిచ్చిన చెల్లెమ్మా, రేపు తిరిగిచ్చేస్తా. దాని సీరియల్ కేబులే ఎక్కడుందో వెతకాలి.