రికార్డు పరుగెత్తితే చాలదు, చెల్లాలి కూడా

సంపాదకుల వారికి,

విశాఖ అమ్మాయి యర్రాజి జ్యోతి 100 మీటర్ల హర్డిల్స్‌లో గెలిచిన పతకాల గురించి పత్రికలు బాగానే రాశాయి. ఆమెకు దక్కకుండా పోయిన రికార్డుల గురించి కూడా రాస్తే జిల్లా, రాష్ట్ర పోటీలు నడిపేవారికి పనికొస్తుంది.

2020లో కర్ణాటకలోని మూడబిద్రిలో అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆమె 13.03 సెకన్లలో పరుగు ముగించింది. అప్పటికి జాతీయ రికార్డు అనురాధా బిస్వాల్ 2002లో నెలకొల్పిన 13.38. అయినా ఆ పాత రికార్డు చెరగలేదు. కారణం, అక్కడ నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) పరీక్ష లేదు, అథ్లెటిక్స్ సమాఖ్య తరఫున నియమాలు చూసే టెక్నికల్ డెలిగేట్ లేరు. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో 13.09 పరిగెత్తితే వెనకగాలి సెకనుకు 2.1 మీటర్లని తేలింది. 2.0 దాటితే రికార్డు చెల్లదు. గాలిని ఏమీ అనలేం, మొదటిది మాత్రం ముమ్మాటికీ ఏర్పాట్ల లోపమే. చివరికి ఆ మే నెలలో సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23తో రికార్డు ఆమె పేర ఎక్కింది. మూడబిద్రి పరుగు కంటే అది నెమ్మది!

ఆ తర్వాత 12.78 దాకా వచ్చింది. పారిస్ ఒలింపిక్స్ నేరు అర్హత 12.77. సెకనులో నూరో వంతు తేడాతో ప్రపంచ ర్యాంకింగ్ దారిలో వెళ్లాల్సి వచ్చింది.

ఇంత సన్నని లెక్కల ఆటకు మన మైదానాల్లో కొలతలు సరిగా ఉండాలి. మొదటి హర్డిల్‌కు 13 మీటర్లు, మధ్యలో 8.5 మీటర్ల చొప్పున పది హర్డిల్స్, చివర 10.5 మీటర్లు. ఎత్తు 83.8 సెంటీమీటర్లు, అండర్-18 బాలికలకు 76.2. ఎత్తు మార్చినప్పుడు అడుగునున్న బరువులను కూడా జరపాలి. మరిచిపోతే హర్డిల్ మొండిగా నిలుస్తుంది, లేదా తాకీ తాకకముందే పడుతుంది. హర్డిల్ అడుగు కాళ్లు పరుగెత్తి వచ్చేవారి వైపు ఉండాలి. తిప్పి పెడితే తగిలినా వాలదు, మోకాలికే ప్రమాదం. స్థానికంగా వెల్డింగ్ చేయించిన ఇనుప చట్రాలతో ఈ భయం మరీ ఎక్కువ.

గాలి వేగం కొలిచే విండ్ గేజ్ ముగింపు గీతకు 50 మీటర్ల దూరంలో, 1.22 మీటర్ల ఎత్తున ఉండాలి. తుపాకీ మోగినప్పటి నుంచి 13 సెకన్లు కొలవాలి. మామూలు 100 మీటర్ల పరుగుకు పెట్టిన 10 సెకన్ల మీదే వదిలేస్తే ఆ అంకెకు విలువ లేదు.

రాష్ట్ర స్థాయి పోటీలకైనా నాడాకు ముందే రాసి పరీక్షకులను అడగాలి. పోటీ రోజు ఉదయం ప్రతి హర్డిల్ పైపట్టీ మధ్యలో స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగి చూడాలి. 3.6 నుంచి 4 కిలోల మధ్య ఒరగనిదాన్ని ట్రాక్ మీద పెట్టకూడదు.

ఇట్లు,
ఒక అథ్లెటిక్స్ అభిమాని, విశాఖపట్నం